వంటింటి తూర్పు కిటికీ

కోయిలకుంట్లలో ట్రైనింగు ఉండాది, తొలి బస్సుకు పోతాండా. లేచినాక నువ్వు నేరుగా మన ఇల్లు కట్టే కాడికి పో. పనోళ్లు వచ్చేలోపలే ఆడ ఉండాల. రోజూ మాదిరి వాళ్లు పోయినాక పోయి, గోడలు చూసి తల ఊపి వస్తే కుదరదు. రేపట్నుంచి పొద్దున వంతు నీది, సాయంత్రం వంతు నాది.

వంటింటి తూర్పు కిటికీ మూసేయమని మామ నిన్న ఓబుళేశు మేస్త్రికి చెప్పినాడంట. ఈ పొద్దు ఆ సందులో ఇటుకలు పెడతారు. పెట్టనీయాకు. కిటికీ ఉండాల్సిందేనని నువ్వే చెప్పు. నేను చెప్తే "పెద్దాయన్ను అడగాలమ్మా" అని దాటేస్తాడు.

కిటికీ ఉంటే మీ అన్న వాకిలి కనపడుతుందనే కదా మీ బాధ. పొలం గట్టు కాడ కొట్లాడుకున్నది మీరు. పొద్దున్నే లేచి రొట్టెలు చేసేది నేను. మీరు మాట్లాడుకోకపోతే నేనెందుకు చీకట్లో నిలబడాల?

రొట్టెలు గుడ్డలో చుట్టి పెట్టినా. తినకుండా పోవాకు, ఆడ ఎండ శానా ఉండాది.

ఇంకొక మాట. గోడలు తడపడానికి నీళ్ల ట్యాంకరు వారం నుంచీ రాలేదు. మరి గోడలు ఎట్ల తడుస్తాండాయని నువ్వు ఒక్కసారి కూడా అడగలేదు. మీ అన్న పొలానికి పోయినాక, మీ వదినే వాళ్ల బోరు పైపు అందిస్తాంది. ఆ కిటికీ సందులోంచే.