దిష్టిబొమ్మకు తెల్లబట్టలు

బావా,

నీ కూతురు పెళ్లికి వేసుకోమని నువ్వు పంపిన గంజిపెట్టిన తెల్లబట్టలు అందాయి. వియ్యంకుల ముందు నీ పరువు కోసమట! తొడుక్కుంటే ఓట్లడగను వచ్చినోని మాదిరి ఉన్నాను. విప్పి చేనులో దిష్టిబొమ్మకు వేశాను. మన పుల్లయ్య దానికి దండం పెట్టి, "అన్నా, మా ఈదికి నీళ్లు రాలేదు, రోంత చూడన్నా" అన్నాడు.

నాకు నప్పేది గళ్లచొక్కానే. చిన్నప్పుడు మా నాయన మనిద్దరికీ ఒకే తానులో కుట్టించినాడే, అట్లాంటి గుడ్డే కర్నూలులో వెతికి వదులుగా కుట్టించుకున్నాను. ఇప్పుడు అద్దంలో నేనే కనబడుతున్నాను.

పెళ్లికూతుర్ని పీటల మీదికి తెచ్చే మేనమామను నేను. గళ్లచొక్కాతోనే తెస్తాను. కాదంటావా, దిష్టిబొమ్మను పంపిస్తాను, అదే తెస్తుంది.

అదే తానులో నీకూ ఒకటి కుట్టించాను. నీ పొట్టకే సగం తాను పోయింది.

నీ బామ్మర్ది