దాదాను పిలిచే సైగ

ఆదివారం, రాత్రి

జోల్వా రోడ్డు మీద వానలో దొరికిన ముసలి కుక్క దాదాను పెంచుకుందామని చూడటానికి ఇచ్ఛాపూర్ నుంచి శారద మేడం వచ్చింది. వచ్చే నెల వాడుంటున్న మా సాంచెల (మరమగ్గాల) షెడ్డు మూసేస్తున్నారు, వాడికో ఇల్లు కావాలి.

సెలవు కదా, సాంచెలు ఆగి ఉన్నాయి. ఆమె "దాదా, రా నాన్నా" అని పిలిచింది. వాడు కదల్లేదు. వెనక నిలబడి చప్పట్లు కొట్టినా చెవి ఆడించలేదు.

"దీనికి చెవుడండీ. మీకు తెలియదా?" అంది.

సిగ్గేసింది. ఎనిమిది నెలలు రోజూ రొట్టె పెట్టిన మనిషిని నేను! సాంచెల మోతలో మేం ఎవరినీ నోటితో పిలవం, చెయ్యెత్తి సైగ చేస్తాం. వాడినీ అలాగే పిలిచాం.

ఇక మేడం వాడిని తీసుకోదనుకున్నాను. "ఆ సైగ నాకూ నేర్పండి" అంది. నేర్పాను. ఆమె చెయ్యెత్తగానే దాదా మెల్లగా వెళ్లి ఆమె కాళ్ల మీద గడ్డం ఆనించాడు. బుధవారం తీసుకెళ్తుంది.

ఇంట్లో అదే తలుచుకుంటూ కూర్చుంటే మా ఆవిడ వచ్చి భుజం తట్టింది.

"ఏందయ్యా, మూడుసార్లు పిలిచిన. ఇనవడ్తలేదా?"

అప్పుడు ఇంట్లో ఏ మోతా లేదు, ఫ్యాను కూడా తిరగడం లేదు.