సబ్బు: రెండిండ్ల చుట్టం

ఆగస్టు 4

మళ్లీ లావణ్యే.

మండలం నుంచి వచ్చిన మేడం సంఘం మీటింగులో అడిగింది: బట్టల లిక్విడ్ చేయడం పక్క ఊళ్ల ఆడవాళ్లకు నేర్పాలి, మీలో ఎవరిని పంపుదాం? అందరి నోటా ఒకటే మాట... "మా లావణ్యను పంపుండ్రి మేడం." ఎవరూ నా వైపు చూడలేదు. కొలతలు చెప్పింది నేను, ఉప్పు ఎంత పడితే చిక్కబడుతుందో, ఎంత ఎక్కువైతే పలచబడిపోతుందో చెప్పింది నేను. పేరు మాత్రం నా తోడికోడలిది. అది చదివింది పదో తరగతి.

మీటింగ్ అయ్యాక లావణ్య మేడం వెనకాలే ఆటో దాకా పోయింది. తల వంచి ఏదో గుసగుస. పని ఖాయం చేసుకుంటోంది, ఇంకేం ఉంటుంది.

ఆగస్టు 5

నాది బీఎస్సీ. కెమిస్ట్రీ. సర్టిఫికెట్ పెట్టెలో, చీరల కింద. ఎవరికి చూపించను?

ఆగస్టు 7

ట్రాక్టర్ కింద దూరి వచ్చిన మా ఆయన అంగీ నిండా గ్రీజు. బాయి దగ్గర రుద్దుతుంటే లావణ్య వచ్చి కూర్చుంది.

"అక్కా, ఉత్త నీళ్లు జిడ్డునెందుకు తీస్తలేవే?"

అడిగితే చెప్పకుండా ఉండలేను, అదే నా రోగం. చెప్పాను. నీటి అణువులో ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తన వైపు లాక్కుంటుంది. ఆ కొస కొంచెం ఋణం, హైడ్రోజన్ల కొస కొంచెం ధనం. అదే ధ్రువత. అందుకే నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. నూనెకు అట్లాంటి కొసలు లేవు, నీళ్లలో దానికి చోటు దొరకదు. సబ్బు అణువు తల నీళ్లను కోరుతుంది, తోక నూనెను కోరుతుంది. తోకలన్నీ జిడ్డులోకి దిగుతాయి, తలలు బయట నీళ్లలో ఉంటాయి. జిడ్డు చుక్కలు చుక్కలుగా విడిపోయి నీళ్లతో పోతుంది.

భూపాలపల్లిలో బాపు గని బట్టలకు అమ్మ ముందు కిరోసిన్ రుద్దేది, తర్వాతే సబ్బు. ఎందుకో మహబూబాబాద్‌లో పెద్దమ్మ ఇంట్లో ఉండి డిగ్రీ చదివేటప్పుడు తెలిసింది. గ్రీజూ కిరోసినూ ఒకే జాతి, ఒకదాంట్లో ఒకటి కరుగుతాయి. ఆ రోజే అమ్మకు ఫోన్ చేసి అరిచాను. "అమ్మా, నువ్వు చేసేది కెమిస్ట్రీనే!" అమ్మ నవ్వింది... "గట్లనా బిడ్డా, నేను బట్టలుతుకుతున్న అనుకుంటున్న."

ఇన్నేళ్లకు ఒకరు అడిగి విన్నారు. సంతోషపడ్డాను కూడా. పిచ్చిదాన్ని.

ఆగస్టు 8

కడుపు మండిపోతోంది.

సంఘం షెడ్డులో అందరి ముందూ లావణ్య చెబుతోంది. నా పాఠం. "నీళ్లు మన సంఘపోళ్ల లెక్క, ఒకలి చెయ్యి ఒకలు ఇడిశిపెట్టరు. నూనెను నడుమల రానియ్యరు. సబ్బేమో రెండిండ్ల చుట్టం. గీ ఇంట్ల ఓ కాలు, గా ఇంట్ల ఓ కాలు. నూనెను మంచిగ మాటల్ల పెట్టి తోలుకపోతది!"

ఒకటే నవ్వులు. అందరికీ అర్థమైంది. నేను ఆరు నెలలుగా ధ్రువత, ధ్రువత అని మొత్తుకుంటే ఒక్కరికీ ఎక్కలేదు. అత్తమ్మ అయితే మురిసిపోయింది. "పెద్దదానికి చదవేస్తే ఉన్నమతి పోయింది, తెలివంటే మా చిన్న కోడలిది."

చెప్పిన తీరు బాగుంది. అదే భరించలేకపోతున్నాను.

ఆగస్టు 10

మేడం ఫోన్. రెండు పేర్లు రాసుకుందట, లావణ్యదీ నాదీ! గురువారం పదకొండింటికి ఇద్దరం ఎవరి లిక్విడ్ వాళ్లు తేవాలి, అందరి ముందూ గ్రీజు గుడ్డ ఉతకాలి, పాఠం చెప్పాలి. నా పేరు ఎవరిచ్చారో. చదువు చూసి మేడమే రాసుకుని ఉంటుంది.

నాకు కావాలి ఈ పని. ఆటో ఎక్కి ఒక్కదాన్నే ఊళ్లు తిరగాలి. ఒక్కసారైనా ఎవరో నన్ను టీచరమ్మా అనాలి.

ఆగస్టు 12

జనగామ నుంచి లావణ్య గులాబీ రంగు డబ్బా తెచ్చింది. బట్టలు జాడించాక చివరి నీళ్లలో పోసే మందు.

"అక్కా, గిది నా లిక్విడ్ల కలుపుదునా? బట్టలు మెత్తగైతయి, గుమ్మని వాసనొస్తది."

కలపకూడదు. మా లిక్విడ్‌లో అణువు తల ఋణం. ఆ మందులో అణువు తల ధనం. కలిపితే తలలు రెండూ ఒకదాన్నొకటి కరుచుకుంటాయి, నీళ్ల కోసం ఏదీ మిగలదు. విరిగిపోతుంది. ఇది నాకు తెలుసు. ఈ ఊళ్లో నాకొక్కదానికే తెలుసు.

"కలుపు," అన్నాను. "నువ్వు చేస్తె మంచిగనే అయితది."

డబ్బా మొత్తం పోసింది. పక్కనే నిలబడి చూశాను. హాయిగా ఉంది. దాచడమెందుకు, హాయిగానే ఉంది.

ఆగస్టు 13

విరిగింది. తెల్లటి ముద్దలు, కింద నీళ్లు. గుడ్డ ముంచి చూసుకుంది, గ్రీజు కదలలేదు.

"ఇరిగిన పాల లెక్కయిందక్కా! ఎందుకిట్లైంది?"

"ఏమో. నాకు తెల్వది."

"నీకే తెల్వకపోతె ఇంకెవలికి తెలుస్తది," అంది. నమ్మేసింది. మళ్లీ చేద్దామంటే సామాను లేదు. అత్తమ్మ "ఎవలి పాడు కండ్లు పడ్డయో" అంటూ లావణ్య చుట్టూ ఉప్పు తిప్పి పోసింది. ఉప్పు తిప్పినంతసేపూ నేను అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతున్నాను. ఒక్క రాయీ కనపడలేదు.

సాయంత్రం సంఘం అనసూయక్క వచ్చింది. "నీ పేరు రాయించింది లావణ్యనే, ఎరికేనా? ఆ దినం ఆటో కాడ నేను పక్కనే ఉన్న. మేడం, మా అక్క చెప్తెనే నాకొచ్చింది, మా అక్కను తీస్కోండ్రి అన్నది. మేడమేమో ఇద్దర్నీ చూస్త అన్నది."

దీనికంటే కొట్టినా బాగుండేది.

దాని మీద కోపం ఇంకా ఎక్కువైంది. మంచితనంలో కూడా నాకంటే ముందే ఉండాలా?

ఆగస్టు 14

గురువారం, తొమ్మిదిన్నర. లావణ్య బకెట్టును పెంట మీద కుమ్మరించింది. ఉత్త చేతులతో వస్తుందట. "అక్కా, నువ్వు మంచిగ చెప్పు, నేను ముంగట కూసోని చప్పట్లు కొడ్త."

నా బకెట్టు నిండుగా ఉంది. చిక్కగా, తేటగా, నురగ మీద నురగ. ఇద్దరికీ సరిపోతుంది. ఎందుకు విరిగిందో చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. చెబితే, తెలిసీ చూస్తూ నిలబడ్డానని కూడా చెప్పాలి.

పక్క గదిలో జడ వేసుకుంటోంది, గాజుల చప్పుడు వినిపిస్తోంది. లేచి నాలుగు అడుగులు వేస్తే దాని గుమ్మం.

కూర్చుని రాస్తున్నాను.