డీజిల్ గిన్నె అడుగున నీళ్ళు

అతాయా రేవు, కెర్కెనా దీవి,
12 అక్టోబరు 2014.

అమ్మా రఫీకా,

మోంజీ బాబాయ్ సలాములు. ఇక్కడ మేమందరం కులాసా. స్ఫాక్స్ పట్నంలో మీరూ చల్లగా ఉన్నారని తలుస్తాను. పాత పడవ ఒకటి తీసుకున్నావనీ, ఆక్టోపస్ వేటకు దీవికి వస్తున్నావనీ రాశావు. పడవ మాటెత్తితే మీ నాన్న తాయెబ్ లేచి బయటికి వెళ్ళిపోతున్నాడనీ, అందుకే జాగ్రత్తలు నన్ను అడుగుతున్నావనీ రాశావు. ఆ వాక్యం దగ్గర కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని మళ్ళీ చదివాను.

నేను చెప్పేవన్నీ ఆయన దగ్గర నేర్చుకున్నవే. పడవ చాలాకాలం ఒడ్డున ఉందన్నావు కాబట్టి చెక్కలు ఎండి సందులు విచ్చుకొని ఉంటాయి. వాటిలో నూలుతాడు కూరి, పుట్టీ పెట్టి, రంగు వేసి, అది ఆరాక రెండు రోజులు లోతులేని నీళ్ళలో ఉంచు. చెక్క ఉబ్బి మిగతా సందులు అవే మూసుకుంటాయి. వలను మంచినీళ్ళతో కడిగి నీడలోనే ఆరెయ్యి, ఎండకు నైలాను పెళుసెక్కుతుంది. నైలాను తాడు కోసినప్పుడల్లా కొసను నిప్పుకు చూపించు, పీచులు విడిపోవు. ఆక్టోపస్ దూరి కూర్చోడానికి సముద్రంలో దించే కుండలకు పట్టిన నాచు గీకెయ్యాలి. ఒకసారి మీ నాన్న నా కుండ చూసి, "ఒరేయ్, దీంట్లో నువ్వు కాపురం ఉంటావా? మరి అదెందుకు ఉంటుందిరా?" అన్నాడు. రేవంతా నవ్వింది.

అన్నిటికన్నా ముఖ్యం ఇంజను. బయల్దేరేముందు డీజిల్ వడపోత గిన్నె అడుగున ఉన్న మర తిప్పి, చేరిన నీళ్ళు పోయేదాకా వదులు. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు ఎగ్గొట్టినందుకే ఆ రోజు నీళ్ళు లోపలికి పోయి ఇంజను ఆగిపోయి, మీ నాన్నా నేనూ కలిసి నడిపే పడవ రాళ్ళకు కొట్టుకుంది. మీ మేనమామ సాదుక్ కాలు నలిగిపోయింది. పదకొండేళ్ళయినా కర్ర లేనిదే నడవలేడు. అది మీ నాన్న నిర్లక్ష్యమని రేవంతా అంది. తమ్ముడి కాలు చూసి మీ అమ్మ ఆయనతో ఏడాదిపాటు మాట్లాడలేదని విన్నాను. ప్రమాదం జరిగిన నెలలోనే మీరు దీవి వదిలారు.

నువ్వు వచ్చిన రోజు మా ఇంట్లోనే భోజనం. మీ పిన్ని చేపల కుస్కుస్ చేస్తానంటోంది.

ఇట్లు,
మీ బాబాయ్
మోంజీ

తా.క.: ఈ ఉత్తరం రెండు రోజులు నా జేబులోనే ఉంది. అసలు మాట రాయలేదమ్మా. ఆ వారం గిన్నె చూసే వంతు నాది. పొద్దున మీ నాన్న, "చూశావా?" అని అడిగితే, "చూశాలే, పద" అన్నాను. చూడలేదు. ఆస్పత్రి బయట తప్పెవరిదని నలుగురూ అడిగితే మీ నాన్న పేరు చెప్పాను. ఆయన కాదనలేదు. ఎందుకని తరవాత అడిగితే, "నీ మాట నమ్మి బయల్దేరదీసింది నేనేగా" అన్నాడు. అదే మా ఆఖరి మాట.

నిన్న కాఫీ కొట్లో అందరి ముందూ, సాదుక్ ముందూ నిజం చెప్పాను. సాదుక్ కర్ర అందుకుని లేస్తూ, "నాకు చెప్పి ఏం లాభం? బావ దగ్గరికెళ్ళి చెప్పు" అన్నాడు. శుక్రవారం పొద్దున లాంచీలో స్ఫాక్స్‌కు, మీ ఇంటికి వస్తున్నాను. ఈలోగా ఇది మీ నాన్నకూ అమ్మకూ చదివి వినిపించు. నాకు తలుపు తియ్యమని మాత్రం నువ్వు ఆయనకు చెప్పకు.