బల్ల ఎందుకు జరిగిందంటే

ఏమండీ, ఆస్పత్రి డ్యూటీ బస్సు వచ్చే వేళైంది. చెప్పులేసుకుని నిలబడే రాస్తున్నాను.

కంప్యూటర్ మీట నొక్కినా లైటు వెలగకపోతే, డబ్బా వెనక లావు వైరు వదులైందన్నమాట. లోపలికంటా తొయ్యండి. నాకు చెయ్యి దూరలేదు. లైటు వెలిగి, తెర మీద నాలుగు తెల్ల అక్షరాలు చూపించి ఆగిపోతే పెన్‌డ్రైవ్ పీకేసి మళ్లీ నొక్కండి. పాటలు విని దాన్ని అలాగే వదిలేస్తారు మీరు. ఈ పిచ్చిది తన బుర్ర వదిలేసి అందులో వెతుక్కుంటూ కూర్చుంటుంది.

ఆ తర్వాత తెర ఎంతసేపు నల్లగా ఉన్నా సరే, మీట జోలికి పోకండి. పాతది, నిదానంగా లేస్తుంది. మీరు నొక్కినప్పుడల్లా మళ్లీ మొదటికొస్తుంది. వెళ్లి టీ పెట్టుకోండి. ప్రెస్సుకి పంపాల్సిన పేజీలు ఎక్కడికీ పోవు.

రాత్రి నాతోనూ అదే వరస. మీ చెల్లెలు కాపురం వదిలేసి మనింటికి వస్తానందని చెప్పారు. నేను నోరు తెరిచేలోపే "ఏమంటావ్, ఏమంటావ్" అని ప్రాణం తోడేశారు. నేను ఆలోచిస్తుంటే కాదన్నానని మీరే తేల్చేసుకుని, అటు తిరిగి పడుకున్నారు. ఇన్నేళ్లకి నేను మీకు అర్థమైంది ఇంతేనా?

బస్సు హారన్ కొడుతోంది.

వైరు ఎవరు వదులు చేశారని చిందులు తొక్కకండి. నేనే. తెల్లారి మీరు గురకపెడుతుంటే కంప్యూటర్ బల్లని కిటికీ వైపు లాగాను. ఆ గోడవారన మీ చెల్లెలికి మంచం వెయ్యాలంటే చోటు కావాలి కదా.