నీటి మీద పొర

1986 జూన్ 16, మదనపల్లె
ఇవాళా రీడింగ్ చెడింది.
ట్రేలో నీళ్లు. నీళ్ల మీద కోడిగుడ్డు సొన కొవ్వు నుంచి నేనే తీసిన లిపిడ్ పొర, ఒక్క మాలిక్యూల్ మందం. ఈ కొసన ఆసిడ్ చుక్క వేస్తే ప్రోటాన్లు ఆ పొర వెంబడి ఎంత వేగంగా పోతాయో కొలవాలి. అటు కొసన నీళ్లలో కలిపిన మెరిసే డై వెలుగు తగ్గితే చేరినట్టు. రెండేళ్లుగా ఇదే నా పీహెచ్‌డీ. నేను పాఠాలు చెప్పే కాలేజీ స్టాఫ్ రూములో నన్ను గుడ్ల మేడమ్ అంటారని తెలుసు. అననీ.

జూన్ 22, పుంగనూరు
నాకు ఏడో నెల. అమ్మ గాజులు తొడిగించింది. గాజుల చాంద్ బీ రెండు చేతులకూ నిండుగా ఎక్కించి, కాన్పయ్యేదాకా తీయగూడదమ్మా అనింది. మా ఆయన గంగాధరం కుప్పం నుంచి బస్సులో వచ్చాడు. అక్కడ లెక్కల మాస్టారు. బిడ్డకు ప్రోటానప్ప అని పేరు పెడదామని ఏడిపించాడు. అమ్మకు అర్థం కాక, అదేం దేవుడప్పా అని అడిగింది.

జూన్ 25, మదనపల్లె
గాజులు ట్రే అంచుకు తగులుతున్నాయి. నీళ్లు కదిలితే పొర చెదిరిపోతుంది.

జూన్ 26, సాయంత్రం
గాజులు తీసేశాను. ఒక్కటీ పగలకుండా.
రీడింగ్ వచ్చింది! పొర లేని నీళ్లలో చాలాసేపు పట్టేది, పొర ఉంటే చూస్తుండగానే చేరింది. మళ్లీ చేశాను. మళ్లీ అంతే. డార్క్ రూములో ఒక్కదాన్నే నవ్వాను. కడుపులో వాడు తన్నాడు.

జూన్ 28
నొప్పులు. ఇంకా రెండు నెలలుంది కదా.

జూలై 9, పుంగనూరు
మగబిడ్డ. నొప్పులొచ్చిన రాత్రే మదనపల్లె ఆస్పత్రిలో పుట్టాడు. ఒక్క రోజున్నాడు.
ఊపిరి తీసినప్పుడల్లా డొక్క లోపలికి పోయేది. ఊపిరితిత్తుల లోపల సన్నటి లిపిడ్ పొర ఉంటుందని, అది లేకపోతే గాలి వదలగానే అవి మూసుకుపోతాయని, నెల తక్కువ బిడ్డకు ఇంకా తయారై ఉండదని డాక్టరమ్మ చెప్పింది. ఏ లిపిడ్ అని అడిగాను. లెసిథిన్ అంది.
నేను గుడ్ల నుంచి తీసేదీ అదే, ల్యాబులో ఐస్ పెట్టెలో సీసాడుంది. తెప్పిస్తాను, వాడికి వేయండి అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, అట్లా ఎయ్యగూడదమ్మా, దానికి మందు ఈడ యాడా లేదు అనింది. గుడ్డులోది వేరు, ఊపిరిలోది వేరు. నాకు తెలుసు. తెలిసీ మళ్లీ అడిగాను.
గాజులు యాల తీసినావే అని అమ్మ ఒక్కసారే అడిగింది. నెల తక్కువ కాన్పులకూ గాజులకూ సంబంధం లేదని చెప్పాను. క్లాసులో చెప్పినట్టే చెప్పాను. నేనే నమ్మలేకపోయాను.

జూలై 21, కుప్పం
గంగాధరం నన్ను ఇక్కడికి తీసుకొచ్చాడు. ఏమీ అడగడు. ఆ రీడింగ్ నిజంగా వచ్చిందా అని మాత్రం అడిగాడు. వచ్చిందన్నాను. అయితే పేపర్ రాయి అన్నాడు. తర్వాత పెరట్లోకి పోయి ఏడ్చాడు. నాకు వినబడకూడదని కొళాయి కింద బకెట్ పెట్టి తిప్పాడు. బకెట్ నిండి పొర్లుతున్నా కట్టలేదు.

ఆగస్టు 3
పాలు ఆగిపోయాయి. ఇవాళ రవిక తడవలేదు.