పక్క సీటు మోత

జూన్ 4
కారు గ్యారేజీ నుంచి వచ్చింది. మా ఆవిడ పోయి మూడు నెలలు. కొత్త అద్దం, కొత్త డాష్‌బోర్డు. పక్క సీటు కింద దొరికాయంటూ మెకానిక్ ఒక కవరు చేతిలో పెట్టాడు. ఒక హెయిర్‌పిన్ను, ఒక క్లిప్పు. చూసి మళ్లీ మడిచేశాను.

జూన్ 5, ఉదయం 8
స్టార్ట్ చేయగానే పక్క సీటు బెల్టు అలారం మోగింది. సీట్లో ఎవరూ లేరు. చేత్తో తడిమి మరీ చూశాను.
ఫోన్ చేస్తే సెన్సర్ పాడైందన్నాడు మెకానిక్. బకిల్లో ఒక క్లిప్పు దూర్చితే నోరు మూసుకుంటుందట. మీ ట్రాఫిక్ స్టేషన్లో పట్టుకున్నవి బోలెడుంటాయి కదా సార్ అని నవ్వాడు.
ఖాళీ సీటుకి బెల్టు పెట్టాను. మోత ఆగింది.

జూన్ 9
చెకింగ్. బెల్టు లేనివాళ్లు పదకొండు మంది. పొద్దున్నే తాగి బండెక్కిన మహానుభావుడు ఒకడు. మిషన్‌లోకి ఊదమంటే పీల్చాడు. అందరం నవ్వాం.
తర్వాత ఒక కారులో, భార్య కూర్చున్న వైపు, బకిల్లో క్లిప్పు దొరికింది. ఆ భర్తని తిట్టకూడని తిట్లు తిట్టాను. కానిస్టేబుల్ నన్ను పక్కకి లాక్కెళ్లాడు.

జూన్ 10
అత్తయ్య వచ్చింది. అన్నం దగ్గర మళ్లీ అదే మాట. ట్రాఫిక్ ఎస్సై పెళ్లాం అయ్యుండి మా పిల్ల బెల్టు పెట్టుకోలేదు, చిన్నప్పట్నుంచీ మొండిఘటమే, మీరెన్నిసార్లు చెప్పుంటారో బాబూ అని నన్నే ఓదార్చింది.
తల వంచుకుని తిన్నాను. సిగ్గు లేదు నాకు.

జూన్ 11
రోజూ బెల్టు పెడుతున్నాను, ఆమెకి.

జూన్ 12
ఇక్కడైనా రాయాలి. ఆమె బెల్టు పెట్టుకునేది. మెడ ఒరుసుకుపోయి దద్దుర్లొచ్చాయి. తీస్తే అలారం గోల. జనం దగ్గర లాక్కున్న క్లిప్పులు పడేసే సొరుగులోంచి ఒకటి తెచ్చింది నేను. నేను పక్కనుండగా నిన్నెవరు ఆపుతారే అన్నాను. మురిసిపోయింది.
వారం తిరక్కుండా ముందున్న లారీ బ్రేకు వేసింది. నా బెల్టు నన్ను పట్టుకుంది.

జూన్ 14
చెప్పేశాను. క్లిప్పున్న ఆ కవరు చేతిలో పెట్టి అంతా చెప్పాను. అత్తయ్య ఏడవలేదు, తిట్టలేదు. మూడు నెలలు నా పిల్లని నా నోటితోనే తిట్టించావా అని మాత్రం అడిగింది. నన్ను నువ్వు అనడం ఇదే మొదటిసారి.

జూన్ 15
బస్టాండులో దింపడానికి బయల్దేరాను. వెనక కూర్చుంది. పక్క సీటు మోగింది. బెల్టు పెట్టబోయాను.
మోగనీ అంది.